గోరంత కదలిక, కొండంత బాణం: సర్వే పాయింట్ల కదలికని ఆటోక్యాడ్‌లో ఆటోమేట్ చేయడం

(విజయవాడలో సైటు సర్వేయర్లకీ డ్రాఫ్ట్స్‌మన్‌లకీ ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. వెనకాల నుంచున్నవాళ్లు ముందుకి వచ్చేయండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఇవాళ మనం నాలుగో దశాంశ స్థానం దాకా చూడాలి, అక్కణ్ణించి మీకు తెర కనపడదు.

పనేమిటో ముందు అనుకుందాం. ఒక బేస్‌మెంటు తవ్వుతున్నారు. అంచున మట్టి కూలకుండా ఆపే రిటైనింగ్ వాల్ ఉంది. వాల్ మీద 40 ప్రిజాలు, అంటే వెలుగుని తిప్పి పంపే గాజు గురులు, బిగించారు. వారానికోసారి టోటల్ స్టేషన్, అదే కోణాన్నీ దూరాన్నీ కొలిచే ఇన్‌స్ట్రుమెంటు, పెట్టి ఆ నలభైనీ కొడతారు. మొదటిసారి కొట్టినవి బేస్ రీడింగులు. తర్వాత ప్రతి వారం ఒక రౌండు. ఏ పాయింటు ఎంత కదిలింది, ఎటు కదిలింది, ఎంత కుంగింది, ఇది డ్రాయింగు మీద కనపడాలి, పక్కన టేబుల్ రావాలి. ఇంతే. తవ్వకం ఆరు నెలలు నడిస్తే 26 రౌండ్లు. నలభైని ఇరవయ్యారుతో గుణిస్తే 1040. పాయింటుకి మూడేసి అంకెలు. మూడు వేల పైచిలుకు అంకెల్ని చేత్తో తీసి చేత్తో రాసేవాళ్లు ఈ హాల్లో ఎంతమంది ఉన్నారు? చేతులెత్తక్కర్లేదు లెండి, నవ్వులు వినపడుతున్నాయి.

చేత్తో ఎలా చేస్తాం? రెండు రౌండ్ల పాయింట్లనీ డ్రాయింగులోకి తెచ్చి, దూరం కొలిచే డిస్ట్ కమాండు కొట్టి, కర్సరుని పాయింటుకి అతికించే నోడ్ స్నాప్‌తో పాతదాని మీదొక క్లిక్కు, కొత్తదాని మీదొక క్లిక్కు. వచ్చిన దూరం ఎక్సెల్లో రాసుకుంటాం. ఇందులో తప్పేముంది? తప్పు ఒకటి కాదండీ. ఒక్క పాయింటు తీసుకుని చూద్దాం, తెర మీద పెట్టాను చూడండి. పేరు డబ్ల్యూ05.

బేస్: ఉత్తరం 1826012.4312, తూర్పు 459210.8820, ఎత్తు 21.3405.
నాలుగో రౌండు: ఉత్తరం 1826012.4355, తూర్పు 459210.8764, ఎత్తు 21.3371.

ప్రపంచాన్ని జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో మన విజయవాడ 44వ జోన్ కాబట్టి అంకెలు ఇంత పొడుగ్గా ఉన్నాయి. తీసివేయండి. ఉత్తరానికి ప్లస్ 4.3 మిల్లీమీటర్లు. తూర్పుకి మైనస్ 5.6. ఎత్తులో మైనస్ 3.4. ఉత్తరం, తూర్పు తేడాల వర్గాలు కూడి వర్గమూలం తీస్తే అడ్డంగా కదిలింది 7.1 మిల్లీమీటర్లు. ఇది సరైన జవాబు. ఇప్పుడు డిస్ట్ ఏం చెబుతుందో చూడండి. 0.0078. ఎందుకు? రెండు పాయింట్లకీ ఎత్తులు వేరు, డిస్ట్ ఇచ్చేది ఏటవాలు దూరం. ఆ 3.4 కూడా అందులో కలిసింది. అంటే కుంగుబాటుని రెండుసార్లు లెక్కేశాం. ఒకసారి కుంగుబాటు కాలంలో, ఇంకోసారి అడ్డం కదలిక కాలంలో.

అది చిన్న తప్పు. పెద్దది ఇప్పుడొస్తుంది. అదే డిస్ట్ కోణం కూడా ఇస్తుంది. 142.5 డిగ్రీలు. దాన్ని బేరింగు అనుకుని రాశారనుకోండి. బేరింగు 142.5 అంటే ఎటండీ? ఆగ్నేయం. పాయింటు నిజంగా ఎటు వెళ్లింది? ఉత్తరానికి ప్లస్, తూర్పుకి మైనస్. అంటే వాయవ్యం. ఆటోక్యాడ్ కోణాన్ని తూర్పు నుంచి అపసవ్యంగా లెక్కపెడుతుంది, మనం ఉత్తరం నుంచి గడియారం ముల్లు తిరిగినట్టు లెక్కపెడతాం. అసలు బేరింగు 307.5. ఈ సైటులో గొయ్యి వాయవ్యం వైపు ఉంది. గోడ గొయ్యిలోకి వాలుతోంటే, రిపోర్టులో మాత్రం మట్టిలోకి వెనక్కి వెళుతోందని రాశాం. డిజైన్ ఇంజనీరు చూసి హాయిగా నిద్రపోతాడు.

కాబట్టి ఆటోమేట్ చేసేది టైము కలిసొస్తుందని మాత్రమే కాదు. తీసివేతని క్లిక్కు మీద పెట్టకూడదు. అంకె అంకె నుంచి పోవాలి. గీత తర్వాత.

అయితే ప్రోగ్రాం ఎంత? ఆటోక్యాడ్‌లోనే ఉండే ఆటోలిస్ప్ భాషలో రాస్తే వంద లైన్లు కూడా ఉండదు. ఒక ఫైలు తెరిచి లైను లైనుగా చదువు. కామా దగ్గర ముక్కలు చెయ్యి. పేరు ఒకచోట, మూడు అంకెలు ఒకచోట పెట్టుకో. రెండో ఫైలూ అలాగే. ఒక్కో పేరుకీ మొదటి జాబితాలో జత వెతుకు. దొరికితే తీసివెయ్యి. బాణం గియ్యి, టేబుల్లో వరస రాయి. బేరింగుకి చిన్న కిటుకుంది. ఆటోలిస్ప్‌లో ఏటాన్ ఫంక్షనుకి రెండు అంకెలు ఇవ్వచ్చు. ముందు తూర్పు తేడా, తర్వాత ఉత్తరపు తేడా ఇస్తే నేరుగా ఉత్తరం నుంచి బేరింగే వస్తుంది. రుణంగా వస్తే రెండు పై, అంటే ఒక పూర్తి చుట్టు, కలపండి. డిగ్రీల్లోకి మార్చండి. అయిపోయింది, తొంభైలోంచి తీసెయ్యడాలూ అవీ అక్కర్లేదు.

వంద లైన్లే అయితే మరి గంటసేపు నేనేం చెబుతాను? ఆ వంద లైన్లు ఎక్కడెక్కడ బోల్తా పడతాయో చెబుతాను. ప్రోగ్రాం గీస్తే సంతోషమే. గీయకూడని చోట గీయనని మొండికేస్తే ఇంకా సంతోషం. అది గుర్తుపెట్టుకుని వినండి.

మొదటి బోల్తా ఫైలు దగ్గరే. ఇన్‌స్ట్రుమెంటు నుంచి వచ్చిన సీఎస్‌వీని, అంటే కామాలతో విడదీసిన టెక్స్టు ఫైలుని, మనవాళ్లు ఊరికే ఒకసారి ఎక్సెల్లో తెరిచి సేవ్ చేస్తారు. ఊరికే! ఎక్సెల్ ఊరుకోదు కదండీ. పాయింటు పేరు 3-5 అని ఉంటే దాన్ని తారీఖు చేసేస్తుంది. 2ఈ5 అని పెట్టుకుంటే రెండు లక్షలనుకుంటుంది. 01, 02 అని పెడితే సున్నాలు మింగేస్తుంది. మార్1 అంటే మార్చి ఒకటో తారీఖంటుంది. అందుకని పేర్లు పెట్టేటప్పుడే జాగ్రత్త. ఒకటో రెండో అక్షరాలు, వెంటనే రెండంకెలు, మధ్యలో గీతలొద్దు, నెలల పేర్లని తలపించే అక్షరాలొద్దు.

ఆ ఫైలునే యూటీఎఫ్ ఎనిమిది బీఓఎం అన్న పద్ధతిలో సేవ్ చేశారనుకోండి, ఫైలు మొదట్లో కంటికి కనపడని మూడు బైట్లు కూర్చుంటాయి. పాత వెర్షన్ల లిస్ప్ వాటిని కూడా మొదటి పాయింటు పేరులో భాగమే అనుకుంటుంది. 39 పాయింట్లూ దొరుకుతాయి, మొదటిదొక్కటే దొరకలేదంటుంది. ఆదిలోనే హంసపాదు. ఎంత వెతికినా పేరు సరిగ్గానే కనిపిస్తుంది, ఎందుకంటే తేడా కంటికి ఆనదు. మొదటి పాయింటు మాత్రమే తప్పిపోతోందంటే ముందు దీన్ని అనుమానించండి. నోట్‌ప్యాడ్‌లో తెరిచి బీఓఎం లేకుండా సేవ్ చేస్తే పోతుంది.

ఇంకా ముఖ్యమైనది వరస. కొన్ని ఇన్‌స్ట్రుమెంట్లు ఉత్తరం ముందు ఇస్తాయి, కొన్ని తూర్పు ముందు ఇస్తాయి. రెండు ఫైళ్లలో ఒకటే తిరగబడితే కదలిక లక్షల మీటర్లలో వస్తుంది, అందరూ పట్టుకుంటారు. రెండూ తిరగబడితే? ఆలోచించండి. ఉత్తరం తేడా తూర్పు తేడా అయింది, తూర్పు తేడా ఉత్తరం తేడా అయింది. వర్గాలు కూడితే అదే 7.1. దూరం సరిగ్గా వచ్చింది! దిక్కు ఒక్కటే తప్పు. మన డబ్ల్యూ05కి ఇలా చేస్తే బేరింగు ఎంతొస్తుందో తెలుసా? మళ్లీ ఆ 142.5. యూటీఎం అయితే పాయింట్లు ప్లాను మీద పడవు కాబట్టి తెలిసిపోతుంది. 1000, 1000 అని లోకల్ కోఆర్డినేట్లు పెట్టుకున్న సైట్లలో ఎవరికీ తెలియదు. అందుకని ఫైలు మొదటి లైను శీర్షికగా ఉండాలి, ప్రోగ్రాం ఆ శీర్షిక చదివి, తనకి కావలసిన వరస కాకపోతే ఆగిపోవాలి. ఊహించకూడదు.

జత వెతకడం పేరుతోనే చెయ్యాలి. ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, దగ్గరగా ఉన్న పాయింటుని జత కట్టే ప్రోగ్రాములు చాలా తిరుగుతున్నాయి. ఫైల్లో మూడో లైనుకి మూడో లైను జత కట్టేవీ ఉన్నాయి. లైను ప్రకారం కడితే, ఒక రౌండులో లారీ అడ్డొచ్చి ఒక పాయింటు వదిలేస్తే చాలు, అక్కణ్ణించి కిందవన్నీ పక్కదానితో ముడిపడతాయి. దగ్గరదనం ప్రకారం కడితే అసలు ప్రమాదం కనపడదు. ఒకే బ్రాకెట్టు మీద పైనొకటి కిందొకటి ప్రిజాలుంటే ప్లానులో రెండూ ఒకదాని మీద ఒకటి ఉంటాయి, ఏది దేనితో కలిసిందో ఎవరికీ తెలియదు. పేరు, పేరు, పేరు. చిన్నక్షరం పెద్దక్షరం ఒకటి చెయ్యండి, చివర ఖాళీలు కత్తిరించండి, అంతవరకే. డబ్ల్యూ5నీ డబ్ల్యూ05నీ ప్రోగ్రాం తనంతట తాను ఒకటి చెయ్యకూడదు. రెండూ వేరే పాయింట్లైతే?

ఆటోక్యాడ్ మీదే నడిచే సివిల్ త్రీడీ వాడేవాళ్లకి ఇక్కడొక మాట. రెండో రౌండు పాయింట్లని అవే నంబర్లతో దింపితే, ఆ నంబరు ముందే ఉందే, ఏం చెయ్యమంటావని అడుగుతుంది. ఓవర్‌రైట్ అన్నారా, బేస్ రీడింగు పోయినట్టే. దాని బదులు ఆఫ్‌సెట్ కలపమనే వీలుంది. రౌండుకి వెయ్యి చొప్పున పెట్టుకోండి. 5వ పాయింటు మొదటి రౌండులో 1005, రెండో రౌండులో 2005. వెయ్యితో భాగిస్తే శేషం పాయింటు, భాగఫలం రౌండు. ఒక్కో రౌండుకి ఒక పాయింట్ గ్రూపు. ప్రోగ్రాముకీ సులువు, మనిషికీ సులువు.

ఇప్పుడు గీయడం దగ్గరికొద్దాం. లిస్ప్‌లో గీత గీయడానికి రెండు దారులు. ఒకటి కమాండు ఫంక్షను, మనం కీబోర్డు మీద కొట్టినట్టే కొడుతుంది. రెండోది ఎంట్‌మేక్, నేరుగా డ్రాయింగు డేటాబేసులో వస్తువుని పెడుతుంది. కమాండుతో గీస్తే స్నాప్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. స్నాప్ ఆన్‌లో ఉండి, మీరు ఏడు మిల్లీమీటర్ల దూరంలో రెండు పాయింట్లిచ్చారు. ఆ జూములో రెండూ ఒకే పిక్సెల్ మీదున్నాయి. రెండు చివరలూ ఒకే నోడుకి అతుక్కుంటాయి. బాణం పొడుగు సున్నా. జూము చేసి నడిపితే సరిగ్గా వస్తుంది, జూము తీసి నడిపితే రాదు. ఇలాంటి తప్పుని వెతకాలంటే రెండు రోజులు పడుతుంది. ఎంట్‌మేక్ వాడితే ఈ తలనొప్పి లేదు. కమాండే వాడతానంటే ముందు స్నాపుల సెట్టింగు ఓఎస్‌మోడ్ విలువ దాచుకుని, సున్నా చేసి, పనయ్యాక తిరిగి పెట్టండి. మధ్యలో ఎస్కేప్ కొట్టినా తిరిగి పెట్టేలా ఎర్రర్ ఫంక్షను రాయండి. లేకపోతే పక్క సీటు డ్రాఫ్ట్స్‌మన్ స్నాపులన్నీ పోయాయని మీ మీదికొస్తాడు.

ఇంకో తేడా. కమాండు ఫంక్షను ప్రస్తుతమున్న యూసీఎస్‌లో, అంటే మనం తిప్పి పెట్టుకున్న అక్షాల్లో, గీస్తుంది, ఎంట్‌మేక్ గీతని ప్రపంచ నిరూపకాల్లో పెడుతుంది. షీటు సర్దుకోడానికి ఎవరో యూసీఎస్ తిప్పి వదిలేస్తే బాణాలు కృష్ణ అవతల పడతాయి. ఇక్కడ కూడా ఎంట్‌మేకే మేలు.

అంకెని అక్షరాల్లోకి మార్చే ఆర్‌టోస్ ఫంక్షను సంగతి. ఎన్ని దశాంశాలో మీరు చెప్పకపోతే డ్రాయింగు సెట్టింగు తీసుకుంటుంది. డ్రాయింగులో రెండు దశాంశాలుంటే నాలుగు మిల్లీమీటర్ల కదలిక 0.00 అయిపోతుంది. టేబుల్ నిండా సున్నాలు, ఎంత చక్కని సైటండీ, ఏమీ కదల్లేదు! కాబట్టి ముందు వెయ్యితో గుణించి మిల్లీమీటర్లు చెయ్యండి, దశాంశం ఒకటని గట్టిగా చెప్పండి. డిమ్‌జిన్ సెట్టింగు వల్ల చివరి సున్నాలు ఎగిరిపోతాయి, 7.0 కాస్తా 7 అవుతుంది. దాన్నీ చూసుకోండి.

బాణం పొడుగు. ఒకటికి ఐదు వందల స్కేలు షీటు మీద 5 మిల్లీమీటర్ల కదలిక ఎంత? నూరో వంతు మిల్లీమీటరు. ప్రింటరు గీయలేదు, మనం చూడలేం. అందుకే గోరంతని కొండంత చేస్తాం. తేడాని 1000తో గుణించి బేస్ పాయింటుకి కలిపితే బాణం డ్రాయింగులో 5 మీటర్లుంటుంది, కాగితం మీద 10 మిల్లీమీటర్లు. బాగుంది. అయితే రెండు నియమాలు. షీటు మూలన బాణాలకి వేరే స్కేలు గీత ఉండాలి, ఇంత పొడుగంటే ఇన్ని మిల్లీమీటర్లని. అది లేని షీటు చూసి గోడ పక్క ప్లాటులోకి వెళ్లిపోయిందనుకున్నా తప్పు చూసినవాడిది కాదు. రెండోది, బాణం పక్కన రాసే అంకె లెక్కలోంచి రావాలి, గీత పొడుగులోంచి రాకూడదు. ఫీల్డు పెట్టి గీత పొడుగుకి ముడివేస్తే 5 మీటర్లని రాస్తుంది.

యూనిట్లు కూడా. సర్వే మీటర్లలో, ఆర్కిటెక్టు ప్లాను మిల్లీమీటర్లలో. ఇది మీకు కొత్త కాదు, వదిలేద్దాం.

ఇరవయ్యారు రౌండ్ల బాణాలూ ఒకే లేయరు మీద గీయకండి. రౌండుకో లేయరు. ప్రోగ్రాం గీసేముందు ఆ లేయరు మీదున్నవన్నీ తుడిచి గీయాలి, లేకపోతే రెండుసార్లు నడిపినప్పుడు బాణం మీద బాణం పడుతుంది.

(సభలోంచి: ఆటోక్యాడ్ లైటు వెర్షను ఎల్‌టీలో లిస్ప్ నడవదు కదండీ?)

2024 వెర్షను నుంచి ఎల్‌టీలో కూడా నడుస్తుందండీ. అంతకు ముందు దాంట్లో నడవదు. లెక్కంతా ఎక్సెల్లో చేసి, గీత కమాండుల్ని టెక్స్టుగా తయారుచేసి స్క్రిప్టు ఫైలుగా నడపచ్చు, ఆ దారుంది. స్క్రిప్టు కూడా కీబోర్డు లెక్కే కాబట్టి ఇందాక చెప్పిన స్నాపు, యూసీఎస్ గొడవలు దానికీ వర్తిస్తాయి.

మన గోడ దగ్గరికి మళ్లీ వద్దాం. ఉత్తరానికి 4.3, తూర్పుకి మైనస్ 5.6 అని ఇస్తే డిజైన్ ఇంజనీరు ఏం చేసుకుంటాడు? ఆయన అడిగేది ఒకటే. గోడ గొయ్యిలోకి ఎంతొచ్చింది? కాబట్టి తేడాలని గోడ దిశకి తిప్పాలి. గోడ బేరింగు 40 డిగ్రీలనుకోండి. ఉత్తరం తేడాని 40 కొసైన్‌తోనూ తూర్పు తేడాని 40 సైన్‌తోనూ గుణించి కూడితే గోడ వెంబడి కదలిక. మన పాయింటుకి మైనస్ 0.3. తూర్పు తేడా ఇంటు కొసైన్ లోంచి ఉత్తరం తేడా ఇంటు సైన్ తీసేస్తే గోడకి అడ్డంగా, కుడివైపుకి ప్లస్. మన పాయింటుకి మైనస్ 7.1. అంటే మొత్తం కదలికంతా గోడకి అడ్డంగానే, ఎడమవైపుకే. ఎడమవైపు ఏముంది? గొయ్యి. చూశారా, రెండు అంకెలూ ఎంత తేటగా మాట్లాడుతున్నాయో. లిస్ప్‌కి కోణం రేడియన్లలో ఇవ్వాలి, 40 అని ఇచ్చేస్తే ఏదో ఒక అంకె వస్తుంది, నమ్మబుద్ధయ్యేలాగానే ఉంటుంది కూడా. అదే దాని చెడ్డతనం.

ఇప్పుడు అసలు ప్రశ్న. 7.1 మిల్లీమీటర్లు నిజంగా కదిలిందా?

ప్రోగ్రాం చేసింది రెండు కొలతల మధ్య తీసివేత. మొదటి కొలతలో తప్పుంది, రెండో కొలతలో తప్పుంది, తేడాలో రెండు తప్పులూ ఉన్నాయి. కోణాన్ని రెండు సెకన్ల దాకా కొలిచే టోటల్ స్టేషను వంద మీటర్ల దగ్గర కోణంలోనే ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అవుతుంది. సెంటరింగు, ప్రిజం గురి, దూరం కొలతలో తప్పు, అన్నీ కలిపి ఒక కోఆర్డినేటుకి 2 మిల్లీమీటర్లు అనుకుందాం. రెండు రౌండ్ల తేడాకి రూట్ టూ రెట్లు, 2.8. నూటికి తొంభై అయిదు పాళ్లు నమ్మాలంటే దానికి దాదాపు రెట్టింపు, 5.5 మిల్లీమీటర్లు. అంతకన్నా తక్కువ తేడా కదలిక కావచ్చు, కాకపోవచ్చు. మన పాయింటు గోడకి అడ్డంగా 7.1 కాబట్టి దాటింది, పట్టించుకోవాలి. గోడ వెంబడి 0.3ని సున్నా అనుకోండి.

ఈ 5.5ని ప్రోగ్రాములో పెట్టండి. దాటనివాటికి బాణం గీయద్దు, చిన్న సున్నా చుట్టండి. ఎందుకంటే ఒక మిల్లీమీటరు తేడాకి బేరింగు లెక్కేస్తే అది ప్రతి వారం గిరగిరా తిరుగుతుంది. దాన్ని వెయ్యి రెట్లు పెంచి గీస్తే షీటు మీద బాణాలు ఆడుతుంటాయి, ఓనరు గుండె కూడా ఆడుతుంది. బేస్ రీడింగు ఒక్కసారి తీస్తే అందులోని తప్పు ఇరవయ్యారు రౌండ్లకీ అంటుకుంటుంది. కాబట్టి బేసుని తవ్వకం మొదలుకాకముందే కనీసం మూడు విడి సెటప్పులతో తీసి సగటు పెట్టండి. హెచ్చరిక రంగులు, పసుపు ఎప్పుడు ఎరుపు ఎప్పుడు, మనం పెట్టేవి కావు. డిజైన్ చేసినవాళ్లిచ్చిన అంకెలే పెట్టాలి.

ఇక నాకు ఇష్టమైన భాగం. బాణాలు గీశాక ఒక్కో బాణాన్నే చూడకండి. షీటుని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని మొత్తం చూడండి. తప్పులకి ఒక్కోదానికీ ఒక్కో ముఖం ఉంటుంది.

అన్ని బాణాలూ ఒకే పొడుగు, ఒకే దిక్కు. మొత్తం గోడ, పక్క ఇల్లు, రోడ్డు అవతల కదలదని పెట్టుకున్న చెక్ పాయింటు కూడా కలిసి తూర్పుకి 6 మిల్లీమీటర్లు జరిగాయా? జరగవు. స్టేషను పాయింటు మీద సెంటరింగు పోయింది, లేదా స్టేషనే కదిలింది.

బాణాలన్నీ ఇన్‌స్ట్రుమెంటు చుట్టూ తిరుగుతున్నట్టున్నాయి, దూరంగా ఉన్నవి పొడుగు, దగ్గరవి పొట్టి. ఇది బ్యాక్‌సైట్ తప్పు, అంటే దిక్కు కుదుర్చుకోడానికి తెలిసిన పాయింటుని చూసిన గురి తప్పింది. కోణంలో పది సెకన్ల తేడా 50 మీటర్ల దగ్గర రెండున్నర మిల్లీమీటర్లు, 200 మీటర్ల దగ్గర దాదాపు 10.

బాణాలన్నీ ఇన్‌స్ట్రుమెంటు వైపుకే చూస్తున్నాయి, లేదా అన్నీ దాన్నుంచి పారిపోతున్నాయి. ఇది దూరం తప్పు. దగ్గరా దూరమూ అన్నీ ఒకే పొడుగైతే ప్రిజం స్థిరాంకం, అంటే ఆ రకం ప్రిజానికి దూరంలో చెయ్యాల్సిన సవరణ. లైకా కంపెనీ లెక్కలో గుండ్రటి ప్రిజానికి సున్నా, చిన్న ప్రిజానికి 17.5 మిల్లీమీటర్లు. ప్రిజం మార్చి సెట్టింగు మార్చకపోతే సరిగ్గా ఆ 17.5 మీ షీటు మీద కూర్చుంటుంది. ఆ అంకె కనపడగానే ఇక వేరే వెతకక్కర్లేదు. అలా కాకుండా దూరంతో పాటు పెరుగుతుంటే ఉష్ణోగ్రత. ఒక డిగ్రీ తేడాకి కిలోమీటరుకి సుమారు ఒక మిల్లీమీటరు. ఏముందిలే అనిపిస్తుంది. కానీ మనది విజయవాడండీ. డిసెంబరు పొద్దున్న 18 డిగ్రీల్లో బేస్ తీశారు, మే నెల మధ్యాహ్నం 44లో రౌండు తీశారు, ఇన్‌స్ట్రుమెంటులో 18 అలాగే ఉంది. 26 డిగ్రీల తేడా. 200 మీటర్లకి 5 మిల్లీమీటర్లు. వేడి గాలి పలచన, అందులో వెలుగు తొందరగా పోయొస్తుంది, దూరం తక్కువ చూపిస్తుంది. దూరపు పాయింట్లన్నీ మీవైపు నడిచొస్తాయి. సాధ్యమైతే రౌండ్లన్నీ పొద్దున్నే ఒకే వేళకి తీయండి. రీడింగు ఫైల్లో ఉష్ణోగ్రత కాలం పెట్టండి, అది ఖాళీగా ఉంటే ప్రోగ్రాం నడవకూడదు.

ఎత్తుల్లో ఇంకొకటుంది, ఇది మన ప్రాంతం సొంతం. ఇంద్రకీలాద్రి వైపో, ఉండవల్లి, మంగళగిరి కొండల వైపో అయితే రాయి మీద బెంచ్ మార్కు, అంటే ఎత్తులు లెక్కేసే స్థిరమైన గుర్తు, పెట్టుకోవచ్చు. గుంటూరు వైపు వెళితే నల్లరేగడి. వేసవిలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది, వానలకి ఉబ్బుతుంది. అందులో రెండడుగుల గొయ్యి తీసి కాంక్రీటు దిమ్మ పోసి దాన్ని బెంచ్ మార్కు అంటే, ఆ దిమ్మ ఏడాదికోసారి పైకీ కిందికీ ఊయలూగుతుంది. వానల్లో దిమ్మ లేచింది. మనం దాని ఎత్తు మారలేదనుకున్నాం. అప్పుడేమవుతుంది? పాయింట్లన్నీ కుంగినట్టు కనిపిస్తాయి. మే నెలలో అవే పాయింట్లు లేచినట్టు కనిపిస్తాయి. గోడలు లేవవు కదా! ఇలాంటి నేలలో అడుగున ఉబ్బెత్తుండే అండర్ రీమ్డ్ పైళ్లని కనీసం 3.5 మీటర్లు దించేది ఎందుకో తెలుసుగా, పైపొర ఆడుతుందని. బెంచ్ మార్కు రాడ్డూ ఆ పొర దాటి దిగాలి, పైపొర దాన్ని పట్టుకోకుండా చుట్టూ పైపు ఉండాలి.

ప్రోగ్రాం ఏం చెయ్యగలదు ఇక్కడ? తవ్వకం లోతుకి మూడు రెట్ల దూరం అవతల మూడు చెక్ పాయింట్లు పెట్టండి. ప్రోగ్రాం ముందు వాటి తేడాలు చూడాలి. ఏ ఒక్కటి హద్దు దాటినా మిగతా నలభై గీయకుండా ఆగాలి, ఏ పాయింటు ఎంత దాటిందో చెప్పాలి. అలాగే నలభై పాయింట్ల ఎత్తు తేడాల మీడియన్, అంటే వరసలో పెడితే మధ్యనుండే విలువ, తీసి తెర మీద చూపించాలి. అన్నీ కలిసి మైనస్ 4 అయితే, కుంగింది సైటా, లేచింది బెంచ్ మార్కా అని ముందు మనిషి తేల్చాలి. ఇన్‌స్ట్రుమెంటు ఎత్తు టేపుతో తప్పుగా కొలిచినా ఇదే ముఖం వస్తుంది.

ఏటి గట్టు మీద పని అయితే టేబుల్లో ఇంకో కాలం కావాలి, నీటిమట్టం. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది చూశాం. అంత నీరు వచ్చిపోయినప్పుడు గట్టూ గోడా ఒత్తిడికి కాస్త అటు పోయి, నీరు తగ్గాక కొంత వెనక్కి వస్తాయి. నీటిమట్టం పక్కన లేకపోతే ఆ రాకపోకలు పిచ్చి రీడింగుల్లా కనిపిస్తాయి, ఎవరో ఒకరు వాటిని తీసిపారేస్తారు.

(సభలోంచి: ప్రిజం ఊడిపోయి మళ్లీ బిగిస్తే ఏం చెయ్యాలండీ?)

మంచి ప్రశ్న. జేసీబీ తగిలితే ప్రిజం ఎక్కడికి పోతుందో చెప్పలేం. మళ్లీ బిగించినప్పుడు పాత పేరు పెట్టకండి. డబ్ల్యూ05 పోయింది, ఇది డబ్ల్యూ05ఎ. దాని బేస్ బిగించిన రోజు రీడింగు. అప్పటిదాకా పాతది 7.1 కదిలింది కాబట్టి ఒక చిన్న ఫైల్లో ఒక లైను, డబ్ల్యూ05ఎకి ముందస్తు కదలిక ఇంత అని, ఉత్తరం, తూర్పు, ఎత్తు మూడూ విడివిడిగా. ప్రోగ్రాం దాన్ని కలిపి మొత్తం చూపిస్తుంది. విడివిడిగా ఎందుకంటే 7.1కి తర్వాతి 3ని కలిపితే 10.1 కాదు, దిక్కులు వేరు కావచ్చు. పాత పేరే ఉంచేసి బేస్ ఫైల్లో అంకెలు దిద్దితే ఆ పాయింటు మళ్లీ సున్నా నుంచి మొదలైనట్టు గ్రాఫు పడిపోతుంది, మూడు నెలల తర్వాత ఎందుకు పడిందో ఎవరికీ గుర్తుండదు. బేస్ ఫైలుని రీడ్ ఓన్లీ చేసి పెట్టండి. అది మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు.

చివరిగా పరీక్ష. ప్రోగ్రాం సైటు డేటా మీద మొదట నడపద్దు. రెండు లైన్ల దొంగ ఫైలు తయారుచెయ్యండి. ఒక పాయింటుకి ఉత్తరం 3 మిల్లీమీటర్లు, తూర్పు 4 మిల్లీమీటర్లు కలపండి. ఎత్తు మార్చకండి. హద్దుని తాత్కాలికంగా ఒకటికి దించండి. రావలసింది అడ్డం కదలిక 5.0, బేరింగు 53.1. 36.9 వచ్చిందంటే ఉత్తరం తూర్పు తిరగబడ్డాయి, లేదా ఆటోక్యాడ్ కోణాన్నే బేరింగని రాస్తోంది. చాలామంది 5, 5 పెట్టి పరీక్షిస్తారు. అలా పెడితే 45 డిగ్రీలే వస్తుంది, తిరగబడినా 45 డిగ్రీలే. తప్పు దాక్కోవడానికి మనమే చోటిచ్చినట్టు. రెండో లైనులో పేరు తప్పు రాయండి, ప్రోగ్రాం ఆగుతుందో లేదో చూడండి. తర్వాత అసలు కోఆర్డినేట్లు, 1826012 లాంటివే పెట్టి మళ్లీ నడపండి. లెక్కని ఎక్కడైనా సింగిల్ ప్రెసిషన్‌లో, అంటే ఏడంకెల దాకా మాత్రమే గుర్తుంచుకునే పద్ధతిలో, చేసే టూలు మధ్యలో దూరి ఉంటే అంత పెద్ద అంకె దగ్గర అది పన్నెండున్నర సెంటీమీటర్ల మెట్లలో మాత్రమే చెప్పగలదు. మీ 5 మిల్లీమీటర్లు సున్నా అవుతుంది. ఆటోక్యాడూ లిస్పూ డబుల్ ప్రెసిషన్ కాబట్టి వాటితో ఆ భయం లేదు, మధ్యలో ఫైలు మార్చే బుల్లి టూళ్లతోనే.

ఆ రెండు లైన్ల ఫైలు ఇప్పుడు తెర మీద పెడుతున్నాను. ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్లు తెరవండి, ముందు స్నాప్ ఆన్‌లోనే ఉంచి కమాండుతో గీద్దాం, బాణం ఎలా మాయమవుతుందో చూశాక ఎంట్‌మేక్‌కి మారుద్దాం.